పది నిమిషాలు నడిచి ఆగిపోయే ట్రాక్టర్

వరి నాట్లకు ముందు దమ్ము చేసే రోజుల్లో తరచూ ఎదురయ్యే ఇబ్బంది ఇది. ముప్ఫై ఏళ్లు దాటిన ట్రాక్టర్ మడిలోకి దిగి, పది పన్నెండు నిమిషాలు ఏ లోపమూ లేనట్టే తిరుగుతుంది. తర్వాత ఇంజన్ చప్పుడు ఓసారి హెచ్చుతూ ఓసారి తగ్గుతూ ఊగుతుంది. బలం పడిపోయి ఆగిపోతుంది. పావుగంట వదిలేసి సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టు మళ్లీ అందుకుంటుంది. ఇంకో పది నిమిషాలకు మళ్లీ అదే కథ. కాలువ నీరు వంతులవారీగా వచ్చే చోట ఒక పూట పని పోవడం చిన్న విషయం కాదు. ఓపక్క నారు ముదురుతుంటే ఏదో ఒకటి మార్చేద్దామనే తొందర పుడుతుంది. ముందు నాజిళ్లు మారుస్తారు. ఆ తర్వాత పంపు విప్పి పట్నం పంపిస్తారు. వేలల్లో ఖర్చయ్యాక ట్రాక్టర్ మళ్లీ మడిలోకి దిగి, మళ్లీ పన్నెండో నిమిషంలో ఆగుతుంది.

ఇలాంటి చోట పానాల కన్నా ముందు చేతిలో ఉండాల్సింది గడియారం. ఇంజన్ ఎంతసేపటికి ఆగింది, ఆగే ముందు ఎలా ప్రవర్తించింది, ఏం చేస్తే తిరిగి నడిచింది? ఈ మూడూ గమనిస్తే లోపం ఎక్కడుందో చాలావరకు భౌతికశాస్త్రమే చెప్పేస్తుంది. పాత ట్రాక్టర్ ఇందుకు బాగా అనువైన యంత్రం. అందులో కంప్యూటర్ లేదు, సెన్సార్లు లేవు. జరిగేదంతా పీడనం, ఉష్ణోగ్రత, ద్రవ ప్రవాహం, అంతే. దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపకల్పన నుంచి పుట్టి 1974లో మార్కెట్లోకి వచ్చిన తొలి స్వరాజ్ ట్రాక్టర్లయినా, ఆ తరానికి చెందిన ఇతర కంపెనీల బళ్లయినా ఇందులో పెద్ద తేడా లేదు.

ప్లగ్గు లేని ఇంజన్

పెట్రోల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఇంధనాన్ని అంటిస్తుంది. డీజిల్ ఇంజన్‌లో ఆ పని గాలి వేడి చేస్తుంది. సిలిండర్‌లోకి వచ్చిన గాలిని పిస్టన్ దాదాపు పదిహేడో వంతుకు నొక్కేస్తుంది. సైకిల్ పంపుతో గాలి కొడితే పంపు అడుగు వేడెక్కుతుంది కదా, ఇదీ అదే. 30 డిగ్రీల దగ్గర మొదలైన గాలి ఇంత బలంగా నొక్కుకుపోతే, వేడి ఎటూ పోకుండా ఉంటే 650 డిగ్రీల సెల్సియస్ దాటుతుందని లెక్క. గోడలకు పోయే వేడిని తీసేసినా 500 పైనే ఉంటుంది. డీజిల్ తనంతట తాను అంటుకోవడానికి 210 నుంచి 250 డిగ్రీలు చాలు. అంటే కాస్త అరిగిన ఇంజన్‌కు కూడా ఇక్కడ బోలెడంత వెసులుబాటు ఉంది. స్టార్టయి పది నిమిషాలు బలంగా నడిచిన ఇంజన్‌కు సంపీడనం సరిపోతోందన్నట్టే. నడిచేకొద్దీ వేడెక్కి మండడం ఇంకా తేలికవుతుంది గానీ కష్టం కాదు.

గాలి సంగతీ త్వరగానే తేలిపోతుంది. ఎయిర్ క్లీనర్ మూసుకుపోతే ఇంజన్ ముందుగా నల్లటి పొగ కక్కుతుంది, ఎందుకంటే వచ్చిన డీజిల్‌ను మండించడానికి ఆక్సిజన్ చాలదు. నల్లపొగ లేకుండా, ఊగుతూ, సన్నగిల్లి ఆగిపోయిందంటే కరువు గాలికి కాదు, డీజిల్‌కే. ఊగకుండా స్విచ్ నొక్కినట్టు ఒక్కసారిగా ఆగితే మాత్రం ఆపే కేబుల్ దగ్గర చూడాలి. తుప్పు పట్టిన కేబుల్ సగంలో ఇరుక్కుని, అదురుకి జారి ఇంజన్‌ను ఆపేయడం పాత బళ్లలో వింతేమీ కాదు.

మరో రకం ఆగడం ఉంది. ఇంజన్ బాగా వేడెక్కి, ఏదో పట్టేసినట్టు మూలుగుతూ ఆగితే అది పిస్టన్ బిగుసుకుపోతున్న సూచన కావచ్చు. అప్పుడు సెల్ఫ్ కొట్టి చూడటం అసలు చేయకూడదు. ఇక్కడ మనం మాట్లాడుకునేది దాని గురించి కాదు.

సగం చుక్క

ఇంధన వ్యవస్థ ఎంత సున్నితమైనదో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. మూడు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతూ గంటకు 5 లీటర్ల డీజిల్ తాగుతోందనుకుందాం. నాలుగు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి ఒక్కో సిలిండర్‌కు రెండు చుట్లకోసారి డీజిల్ అందాలి. అంటే నిమిషానికి 3000 సార్లు, గంటకు 1,80,000 సార్లు. 5 లీటర్లను అన్ని భాగాలు చేస్తే ఒక్కో విడతకు వచ్చేది సుమారు 28 ఘన మిల్లీమీటర్లు. కుళాయి కింద జారే నీటి చుక్కలో దాదాపు సగం. ఈ సగం చుక్కను పంపు 200 బార్ల ప్రాంతపు పీడనంతో, అంటే వాతావరణ పీడనానికి 200 రెట్లతో, నాజిల్ గుండా తోయాలి.

ఇప్పుడు ఆ సన్నటి ఇనుప పైపులో ఆవగింజంత గాలిబుడగ ఉందనుకోండి. 200 బార్ల కింద డీజిల్ ఘనపరిమాణం ఒకటిన్నర శాతం కూడా తగ్గదు. గాలి మాత్రం దాదాపు రెండు వందల వంతుకు కుంచించుకుపోతుంది. పంపు ప్లంజర్ వేసిన అడుగంతా బుడగను నొక్కడానికే ఖర్చయిపోతుంది. నాజిల్ తెరుచుకునేంత పీడనం రాదు. ప్లంజర్ వెనక్కి పోగానే బుడగ తిరిగి ఉబ్బుతుంది, స్ప్రింగ్ లాగా. ట్రాక్టర్‌కు ‘గాలి పట్టింది’ అని మెకానిక్‌లు అనేది దీన్నే.

మరి లోపం మొదలైన వెంటనే ఇంజన్ ఎందుకు ఆగదు? కారణం గవర్నర్. ఇంజన్ వేగం కొంచెం తగ్గగానే పంపులోని తిరిగే బరువులు దగ్గరకు జరిగి, డీజిల్ విడతను పెంచుతాయి. సరఫరాలో కొద్దిపాటి లోటు ఉన్నా అది పూడ్చేస్తుంది. చల్లగా, తేలిగ్గా నడుస్తున్నప్పుడు మనకు ఏ తేడా తెలియదు. బురదలో కేజ్ వీల్స్ దిగబడి బరువు పడ్డాక, గవర్నర్ ఇవ్వగలిగినదంతా ఇచ్చేశాక, ఇక పెంచడానికి ఏమీ మిగలదు. ఆ ఊగడం గవర్నర్ చేసే చివరి పెనుగులాట. అందుకే షెడ్డులో ఖాళీగా నడిపి ‘ఇంజన్ బాగానే ఉంది’ అని తేల్చడం నా దృష్టిలో పరీక్షే కాదు.

మూతకు ఉండే రంధ్రం

ట్యాంకులోంచి ఒక లీటరు డీజిల్ బయటికి పోతే, ఆ చోటు నింపడానికి ఒక లీటరు గాలి లోపలికి రావాలి. అందుకోసం మూతలో చిన్న రంధ్రం ఉంటుంది. దుమ్ము, బురద, నూనె జిడ్డు కలిసి దాన్ని మూసేస్తే ఏమవుతుందో 17వ శతాబ్దంలో రాబర్ట్ బాయిల్ చెప్పిన నియమంతోనే లెక్కగట్టవచ్చు: ఉష్ణోగ్రత మారకపోతే, బందీ అయిన గాలి ఎంత వ్యాకోచిస్తే పీడనం అంత తగ్గుతుంది.

ట్యాంకులో డీజిల్ పైన 20 లీటర్ల గాలి ఉందనుకుందాం. ఒక లీటరు డీజిల్ ఖర్చయ్యేసరికి ఆ గాలి 21 లీటర్ల చోటులోకి సాగుతుంది. పీడనం దాదాపు 5 శాతం పడిపోతుంది. వినడానికి తక్కువే. కానీ డీజిల్ భాషలో చెబితే, 5 శాతం వాతావరణ పీడనం సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు డీజిల్‌ను ఆపగలదు. చాలా పాత ట్రాక్టర్లలో ట్యాంకు ఇంజన్ కన్నా ఎత్తులో ఉండి, డీజిల్ తన బరువుతో కిందికి దిగేది ఇంచుమించు అంత ఎత్తు నుంచే. గంటకు 5 లీటర్ల చొప్పున లీటరు ఖర్చు కావడానికి 12 నిమిషాలు పడుతుంది. అంటే పన్నెండో నిమిషానికి ట్యాంకు ఎత్తు ఇచ్చే సాయం సున్నా అయిపోతుంది. అక్కడి నుంచి ఫీడ్ పంపు ఒక్కటే ఎదురు లాగాలి. ఆ పంపు డయాఫ్రమో వాల్వులో పాతబడి ఉంటే ఎక్కువసేపు లాగలేదు.

ఈ లెక్కలో ఒక తమాషా ఉంది. ట్యాంకు నిండుగా పోయించిన వెంటనే పైన గాలి చోటు 2 లీటర్లే ఉంటుంది. అప్పుడు అదే 5 శాతం తగ్గుదలకు పదో వంతు లీటరు ఖర్చయితే చాలు. నిమిషం పైచిలుకు. ట్యాంకు అడుగంటి 40 లీటర్ల గాలి ఉంటే 24 నిమిషాలు. ఫీడ్ పంపు లాగుడు వల్ల, జాయింట్ల దగ్గర కాస్త గాలి దూరడం వల్ల అసలు సమయాలు అటూఇటూ అవుతాయి. దిశ మాత్రం మారదు: డీజిల్ ఎక్కువ ఉన్నప్పుడు త్వరగా ఆగుతుంది, తక్కువ ఉన్నప్పుడు ఎక్కువసేపు నడుస్తుంది. బంకులో కొత్తగా పోయించిన రోజే బండి ఎక్కువ మొరాయిస్తే డీజిల్ కల్తీ అని తిట్టుకోవడం సహజం. తప్పు బంకుది కాకపోవచ్చు. (ట్యాంకు మీద ఎండ పడితే లోపలి గాలి వేడెక్కి కొంత పీడనం తిరిగి వస్తుంది కాబట్టి, మబ్బు పట్టిన రోజు లోపం ఎక్కువగా కనిపించడమూ జరగవచ్చు.)

పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇంజన్ ఊగడం మొదలవగానే మూత వదులు చేయాలి. ‘స్‌స్’ మని గాలి లోపలికి పీల్చిన చప్పుడు వచ్చి, ఇంజన్ వెంటనే తేరుకుంటే కేసు అక్కడే తేలిపోయినట్టు. సన్నటి తీగతో రంధ్రం పొడిచి, మూతను డీజిల్‌తో కడిగితే సరి. మూత పోయిందని రంధ్రం లేని డబ్బా మూతో, ప్లాస్టిక్ కవరో బిగించిన బళ్లకూ ఇదే గతి పడుతుంది.

అదే లక్షణం, వేరే దొంగ

మూత తీసినా తేరుకోలేదు, కానీ పావుగంట ఆగితే మాత్రం మళ్లీ నడుస్తోంది. అప్పుడు అనుమానం ట్యాంకు అడుగు మీదకు పోవాలి. ఎండుటాకు ముక్క, పాత గుడ్డ పీచు, పొరలుగా ఊడిన తుప్పు డీజిల్‌లో తేలుతూ ఉంటాయి. ప్రవాహం ఉన్నంతసేపూ అవి బయటికి పోయే రంధ్రం వైపు లాగబడి, దాన్ని మూస్తాయి. ఇంజన్ ఆగగానే లాగేదేమీ లేక పక్కకు జరిగిపోతాయి. పైపు ఊడదీసి చూస్తే డీజిల్ ధారగా పడుతుంది. ‘ఇక్కడ ఏ లోపమూ లేదు’ అని మళ్లీ బిగించేస్తారు. క్షణకాలపు ధార చూసి తీర్పు చెప్పకూడదు. శుభ్రమైన సీసాలోకి కనీసం ఐదు నిమిషాలు పట్టి, మొదటి నిమిషంలో ఎంత వచ్చిందో ఐదో నిమిషంలోనూ అంతే వస్తోందా అని చూడాలి.

ఆ సీసాను కాసేపు కదల్చకుండా ఉంచితే ఇంకో సంగతి తెలుస్తుంది. డీజిల్ సాంద్రత నీటిలో 83 శాతం ప్రాంతంలో ఉంటుంది కాబట్టి నీరు ఉంటే అడుగున గీత గీసినట్టు పేరుకుంటుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో, వర్షాకాలం రాత్రి చల్లబడినప్పుడు లోపలి తేమ గోడల మీద చెమటలా పట్టి కిందికి జారుతుంది. ఇంట్లో డ్రమ్ముల్లో నిల్వ చేసే డీజిల్‌కూ ఇదే జరుగుతుంది. నీరు, డీజిల్ కలిసే ఆ హద్దు దగ్గర కొన్ని రకాల శిలీంధ్రాలు, బ్యాక్టీరియా పెరుగుతాయి. వాటికి డీజిలే తిండి. గోధుమ, నలుపు రంగుల్లో జిగురుగా కనిపించే పాచిపొర ఫిల్టర్ కాగితాన్ని పూర్తిగా పూసేస్తుంది. ఫిల్టర్ కొత్తది వేసిన వారానికే మళ్లీ మూసుకుపోతోందంటే ఫిల్టర్ నాసిరకమని కాదు, ట్యాంకును దించి కడగాల్సిన సమయం వచ్చిందని.

ఫిల్టర్లు మన పాత బళ్లలో తరచూ రెండు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది ముతక మురికిని, రెండో కాగితం ఫిల్టర్ సన్న మురికిని ఆపుతాయి. సగం మూసుకున్న ఫిల్టర్ లక్షణం వేరు. అది సమయాన్ని కాదు, బరువును బట్టి ఆపుతుంది. ట్రాలీ లేకుండా రోడ్డు మీద హాయిగా పోతుంది, దుక్కిలో పెడితే ఒక్క నిమిషానికే చతికిలబడుతుంది. కాగితం ఫిల్టర్‌ను పెట్రోల్‌తో కడిగి తిరిగి వాడటం చాలాచోట్ల చూస్తాం. ఎందుకు కూడదంటే, పంపులో ప్లంజర్‌కు, అది తిరిగే గొట్టానికి మధ్య ఖాళీ రెండు నుంచి నాలుగు మైక్రాన్లే. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. కడిగినప్పుడు కాగితంలో పడే ఒక్క చిరుగు చాలు.

ట్యాంకు, సెడిమెంట్ గిన్నె, పైపులు, ఫీడ్ పంపు, ఫిల్టర్లు, పంపు, నాజిళ్లు: ఇన్నిటినీ ఒక్కొక్కటిగా విప్పే బదులు దారిని మధ్యలో తెంపి చూడటం తెలివైన పద్ధతి. రెండు లీటర్ల శుభ్రమైన క్యాన్‌ను ట్యాంకు ఎత్తులో గట్టిగా కట్టి, దాని పైపును నేరుగా ఫీడ్ పంపుకు కలిపి, లైన్లో గాలి తీసి నడపాలి. పన్నెండు నిమిషాలు దాటాక కూడా బరువు మీద ఆగకుండా నడిస్తే, లోపం ఫీడ్ పంపుకు ముందు ఉన్నట్టు. ఆగితే తర్వాత ఉన్నట్టు. ఒక్క పరీక్షతో సగం వ్యవస్థ అనుమానం లోంచి బయటపడుతుంది. క్యాన్ మాత్రం సైలెన్సర్‌కు దూరంగా ఉండాలి. డీజిల్ అంత తేలిగ్గా అంటుకోదని ధీమా ఉంటుంది గానీ, భారతీయ ప్రమాణం డీజిల్ ఫ్లాష్ పాయింట్‌కు పెట్టిన కనీస హద్దు 35 డిగ్రీలే. మన ఎండలు అది సులువుగా దాటుతాయి.

కారకుండా దూరే గాలి

పైపులో చిన్న పగులుంటే డీజిల్ కారాలి కదా, ఎక్కడా తడి లేదే అనుకుంటాం. ఫీడ్ పంపు లాగే వైపు పరిస్థితి తలకిందులు. అక్కడ లోపలి పీడనం బయటి కన్నా తక్కువయినప్పుడు డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి దూరుతుంది. నిజానికి ట్యాంకు ఎత్తులో ఉన్నప్పుడు ఈ వైపు కూడా మామూలుగా కొద్దిపాటి ఒత్తిడి ఉండాలి. ట్యాంకు అడుగున చెత్తో, మూత రంధ్రం మూసుకోవడమో తోడైనప్పుడే అది పీల్పుగా మారుతుంది. రెండు చిన్న లోపాలు, విడివిడిగా ఏదీ బండిని ఆపలేనివి, కలిసి ఆపుతాయి. వాషర్ మార్చాక బాగుపడిందనుకున్న బండి నెలకే మళ్లీ ఆగడానికి తరచూ ఇదే కారణం.

ఇంజన్ ఆగి ఉన్నప్పుడు జాయింట్లు పొడిగుడ్డతో తుడిచి, పాత వార్తాపత్రిక ముక్క చుట్టి ఓ గంట వదిలితే చెమ్మ మచ్చ కనిపించవచ్చు. ఇంకా మంచిది, ఫీడ్ పంపు ముందు ఒక జానెడు పారదర్శక పైపు పెట్టి నడపడం. బుడగలు కంటికే కనిపిస్తాయి. గట్టిపడిన రబ్బరు పైపు, ఫీడ్ పంపు ముందున్న గాజు గిన్నె వాషర్, బాంజో బోల్టుల రాగి వాషర్లు ముందుగా చూడాల్సినవి.

రాగి వాషర్ కథ చెప్పుకోదగ్గది. బిగించినప్పుడు మెత్తటి రాగి రెండు ఉపరితలాల గరుకుతనంలోకి ఒదిగి గాలి చొరకుండా మూస్తుంది. అలా నలిగేకొద్దీ దాని స్ఫటిక నిర్మాణంలో చిక్కులు పెరిగి గట్టిపడుతుంది. రెండోసారి బిగిస్తే ఒదగదు. మెకానిక్‌లు దాన్ని మంట మీద ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతారు. ఉక్కును అలా చేస్తే గట్టిపడుతుంది. రాగి మాత్రం ఆ వేడికి కొత్త స్ఫటికాలు ఏర్పరుచుకుని మళ్లీ మెత్తబడుతుంది, నీళ్లలో ముంచినా ముంచకపోయినా. ఏ పుస్తకమూ చూడకుండా షెడ్డుల్లో తరాలుగా సాగుతున్న లోహశాస్త్రం ఇది.

గాలి తీయడం వరుసలో జరగాలి. ముందు ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ నురగ పోయి నిఖార్సయిన డీజిల్ వచ్చేదాకా ఆగాలి. డీజిల్ కారుతుండగానే బిగించాలి. తర్వాత పంపు మీది స్క్రూ, చివరిగా నాజిల్ పైపుల నట్లు. ఈ చివరి మెట్టు దగ్గర జాగ్రత్త అవసరం. ఇంజన్ తిరుగుతున్నప్పుడు నాజిల్ పైపుల దగ్గర లీకు ఉందా అని వేలు పెట్టి చూడకూడదు. 200 బార్ల సన్నధార చర్మాన్ని సూదిలా చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి కనిపించేది చీమ కుట్టినంత గాటు, నొప్పి కూడా మొదట్లో అంతంతే. లోపల డీజిల్ కండరాల వెంట పాకి, గంటల్లో వేలు, చెయ్యి తీసేయాల్సిన స్థితి తెస్తుంది. అలా జరిగితే కట్టు కట్టుకుని ఇంట్లో కూర్చోకుండా, శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెంటనే పోవాలి. గాయం డీజిల్ పంపు ఒత్తిడి వల్ల అయిందని డాక్టర్‌కు చెప్పాలి. లీకు చూడాలంటే అట్టముక్క చాలు.

వేడెక్కాక మాత్రమే మొరాయిస్తే

పై పరీక్షలన్నీ నెగ్గిన బండి, గంట రెండు గంటలు పనిచేశాక ఆగి, ఇంజన్ చల్లారితే తప్ప స్టార్టు కాకపోతే, అప్పుడు పంపును అనుమానించాలి. బెంగళూరులో 1951లో మొదలైన మైకో కంపెనీ పేరు మీద చాలాచోట్ల ఇప్పటికీ దీన్ని మైకో పంపు అనే పిలుస్తారు. కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా వాడుక మారలేదు.

దీని వెనుక ఉన్నది స్నిగ్ధత, అంటే ద్రవం చిక్కదనం. మన డీజిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర 2 నుంచి 4.5 సెంటీస్టోక్‌ల మధ్య ఉండాలని ప్రమాణం. 70 డిగ్రీలకు వెళ్లేసరికి అది సగం దగ్గరికి పడిపోతుంది. పలచబడిన డీజిల్ ప్లంజర్ పక్క సందులోంచి వెనక్కి జారిపోతుంది. సందు వెడల్పు రెట్టింపయితే జారేది రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు. ఎందుకంటే ఈ ప్రవాహం సందు వెడల్పు ఘనం మీద ఆధారపడుతుంది. కంటికి కనిపించని రెండు మైక్రాన్ల అరుగుదల ఇంత పని చేస్తుంది. వేగంగా తిరిగేటప్పుడు డీజిల్‌కు జారే వ్యవధి ఉండదు కాబట్టి ఇంజన్ ఎలాగోలా నడుస్తుంది. సెల్ఫ్ తిప్పే నెమ్మది వేగంలో బోలెడు వ్యవధి దొరుకుతుంది, అందుకే వేడి ఇంజన్ ఆగితే తిరిగి అందుకోదు. మూత రంధ్రం లోపానికీ దీనికీ తేడా ఇదే: అక్కడ మూత తీస్తే చాలు, ఇక్కడ చల్లారాలి.

ఇంజన్ ఆపి, పంపు మీద తడిగుడ్డ కప్పి పది నిమిషాల తర్వాత సెల్ఫ్ కొడితే వెంటనే స్టార్టయిందంటే అరుగుదల దాదాపు ఖాయం. కొందరు తొందరలో చెంబుతో చన్నీళ్లు కుమ్మరిస్తారు. బయటి గొట్టం ముందుగా కుంచించుకుని, లోపలి వేడి ప్లంజర్‌ను పట్టేస్తే పంపు పూర్తిగా పోతుంది. రెండు మైక్రాన్ల సందులో అంత తేడాకు చోటు లేదు.

ఇక ఈ దశలో పట్నంలోని పంపు రూముకు పోక తప్పదు. అక్కడ బెంచి మీద పెట్టి ఒక్కో సిలిండర్‌కు ఎంత డీజిల్ వస్తోందో గాజు కొలపాత్రల్లో చూస్తారు. పనయ్యాక గరిష్ఠ వేగం దగ్గర ఎంత వస్తోందన్న అంకె మాత్రమే చెబితే తృప్తి పడకండి. సెల్ఫ్ తిప్పే వేగం దగ్గర కూడా ప్రతి పాత్రలో ఎంత పడుతోందో చూపించమని అడగాలి, అరిగిన ప్లంజర్ బయటపడేది అక్కడే. పంపు పెట్టెతో పాటు, బండి ఏ పరిస్థితిలో ఎన్ని నిమిషాలకు ఆగిందో రాసిన కాగితం కూడా వాళ్ల చేతికివ్వండి.